జోడీ దొరకని దేశంలో కుస్తీ

(వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం పెద్దది. ఒక ప్రాంతపు కుస్తీని దేశమంతా ఆడే ఆటగా ఎలా పెంచాలి అని. ఇలాంటి చోట ఎవరైనా జపాన్ జూడో గురించో, కొరియా తైక్వాండో గురించో చెబుతారు. వాటి వెనక కోట్ల జనం ఉన్నారు, బోలెడు డబ్బు ఉంది. ఆ కథ వింటే మనకి చప్పట్లు కొట్టడం తప్ప చెయ్యడానికేం మిగలదు. అందుకని నేను ఐస్‌లాండ్ గురించి చెబుతాను. అక్కడి కుస్తీ పేరు గ్లీమా.

ముందు ఆ దేశం కొలతలు చెబుతాను, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. అట్లాంటిక్ సముద్రంలో, ఐరోపాకు వాయవ్యాన ఉన్న దీవి. వైశాల్యం లక్షా 3 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణ కంటే కొంచెం తక్కువ. జనం మాత్రం ఇవాళ్టికీ 4 లక్షలు లేరు. మన నిజామాబాద్ పట్టణంలోనో, కడపలోనో ఉన్నంత జనం తెలంగాణ అంత నేల మీద ఉన్నారన్నమాట. అదీ ఇప్పటి లెక్క. గ్లీమాను జాతీయ క్రీడగా నిలబెట్టాలని కొందరు కుర్రాళ్ళు నడుం కట్టిన రోజుల్లో, 1901 లెక్కల ప్రకారం, దేశం మొత్తం మీద 78 వేల మంది.

ఆ 78 వేలల్లో ఆడవాళ్ళను తీసెయ్యండి. అప్పట్లో ఎలాగూ తీసేశారు, ఆ సంగతికి తర్వాత వస్తాను. పిల్లల్ని, ముసలివాళ్ళను తీసెయ్యండి. మిగిలినవాళ్ళు ఒకచోట లేరు. ఒక్కో లోయలో నాలుగు పొలాలు, ఒక్కో పొలంలో ఒక ఇల్లు. రైలు లేదు. దీవి చుట్టూ తిరిగే రోడ్డు పూర్తయింది 1974లో. ఉత్తరాన ఉన్న అకురేరి నుంచి రాజధాని రేక్యవిక్‌కు రావాలంటే ఓడెక్కాలి, లేదా గుర్రమెక్కాలి.

ఇప్పుడు చెప్పండి, కుస్తీకి ముందు కావలసింది ఏమిటి? గోదా కాదు, వస్తాదు కాదు, బాదం పాలూ కాదు. ఎదురుగా ఇంకొకడు కావాలి. పరుగు ఒంటరిగా పెట్టుకోవచ్చు, ఈత ఒంటరిగా కొట్టుకోవచ్చు. కుస్తీకి జోడీ లేకపోతే ఏమీ లేదు. ఐస్‌లాండ్‌లో దొరకనిది సరిగ్గా అదే. గ్లీమా నియమాలు మొదటిసారి చదివినప్పుడు నాకు వింతగా అనిపించాయి. జోడీ దొరకని దేశం అని గుర్తుపెట్టుకుని మళ్ళీ చదివితే ఒక్కొక్కటీ అర్థమైంది. చదివి చెబితే మీకు నిద్రొస్తుంది, చేసి చూద్దాం.

బాబూ, నీలం టీషర్టు... నువ్వే, ఇలా రా. మీ పక్కనున్న అబ్బాయినీ తీసుకురా. ఇద్దరూ ఈ బెల్టులు కట్టుకోండి. ఇవి ఐస్‌లాండ్ నుంచి తెప్పించినవి కావండీ, ఫొటో చూపించి మా ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయనతో కుట్టించాను. నడుముకు ఒక బెల్టు, ఒక్కో తొడకు ఒక్కో బెల్టు, వాటిని కలుపుతూ పక్కన పట్టీలు. ఆ తొడ బెల్టు ఇంకాస్త బిగించు, జారిపోతుంది. ఆఁ, అంతే. పూర్వం బెల్టు లేదు, ప్యాంటే పట్టుకునేవాళ్ళు. అది చిరిగిపోవడం, పట్టు జారిపోవడం, పట్టు గురించి గొడవపడటం. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఈ తోలు బెల్టు వచ్చింది. అప్పటి నుంచీ ఎవరి బట్టలు ఎలా ఉన్నా పట్టు మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు ఒక చెయ్యి ఎదుటివాడి నడుం బెల్టు మీద, ఇంకొకటి తొడ బెల్టు మీద. వేళ్ళు లోపలికి దూర్చి పట్టుకోండి. ఇద్దరూ. చూశారా, ఇద్దరి చేతులకీ పని అయిపోయింది. మెడ నొక్కడం లేదు, చెయ్యి మెలిపెట్టడం లేదు, కిందికి దూరి కాళ్ళు లాగడం లేదు. ఇక మిగిలినవి మీ కాళ్ళు, తుంటి, సమయం చూసి కదలడం. నిటారుగా నిలబడు నాన్నా. వంగకు. (నవ్వులు) మనవాళ్ళకు వంగడం అలవాటు, కుస్తీలో అది మంచిదే. ఇక్కడ వంగి, పిరుదులు వెనక్కి పెట్టి బిగుసుకుపోతే తప్పు. రిఫరీ ఊరుకోడు. తల ఎత్తు. వాడి భుజం మీదుగా అవతలికి చూడు. కాళ్ళ వంక చూడకూడదు, ఆట అంతా ఒంటికి తెలియాలి.

ఇక అడుగులు. ఇద్దరూ కలిసి గడియారం ముల్లు తిరిగే వైపు అడుగులు వేస్తూ ఉండాలి. ఆగకూడదు. వెయ్యండి. బాగుంది, కోలాటంలా ఉందని నవ్వుకోకండి. ప్రతి అడుగుకీ ఒక కాలు గాల్లో ఉంటుంది కదా, పట్టు వెయ్యాల్సింది అప్పుడే. మడమ వెనక నుంచి కొక్కెంలా కాలు తగిలించి లాగడం ఒకటి. తుంటి మీదికి ఎత్తి తిప్పడం ఒకటి. ఇలాంటి ప్రధానమైన పట్లు ఎనిమిది ఉన్నాయి, వాటి మీద ఎవరి తెలివి వాళ్ళది. నిలబడి ఒకరినొకరు తోసుకుంటూ అరగంట గడిపే అవకాశం ఈ అడుగుల వల్ల పోయింది.

ఓడిపోవడం ఎప్పుడు? మోచేతికీ మోకాలికీ మధ్య ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా ఓడినట్టే. అరచేతులు, పాదాలు ఆనించి తప్పించుకుంటే ఆట ఇంకా ఉంది. ఇప్పుడు అసలు విషయం చెబుతాను, చూడండి. పడేసినవాడు నిలబడి ఉండాలి. పడేవాడి మీద పడటం తప్పు. చేతుల బలంతో నేలకేసి అదమడం తప్పు. గెలిచినా అలా గెలిస్తే గెలుపు కాదు. మొదట్లో చెయ్యి కలపాలి, చివర్లో చెయ్యి కలపాలి. చాలు, కూర్చోండి. చప్పట్లు కొట్టండి వీళ్ళకు.

దీన్ని వాళ్ళు పెద్దమనిషి తరహా అంటారు, మర్యాద అంటారు. నిజమే. కానీ నాకు కనిపించేది ఇంకొకటి. లోయలో ఆడగలిగేవాళ్ళు నలుగురే ఉన్నారు. ఒకడి పక్కటెముక విరిగితే ఆ శీతాకాలానికి ఆటలో పావు భాగం పోయినట్టే. పైగా వాడు రేపు పడవ ఎక్కి చేపలకు రావాలి, గొర్రెల్ని తోలుకురావాలి. ఎదుటివాణ్ణి పాడుచేసుకోకుండా ఆడటం అక్కడ మంచితనం కంటే ముందు అవసరం.

పాత రోజుల్లో ఈ ఆట బతికింది ఎక్కడో చూడండి. చేపల కాలంలో తీరంలోని మకాములకు ఊళ్ళ నుంచి మగవాళ్ళు చేరేవాళ్ళు. సముద్రం బాగా లేని రోజు పడవ దిగదు. ఖాళీగా కూర్చున్నవాళ్ళు గ్లీమా పట్టేవాళ్ళు. ఇద్దరు నాయకులు జనాన్ని రెండు జట్లుగా పంచుకుంటారు. ఒక్కొక్కరే వచ్చి పట్టాలి, పడ్డవాడు బయటికి, నిలిచినవాడు తర్వాతి వాడితో. చివరికి నాయకులిద్దరూ తలపడతారు. బిషప్పుల బడులున్న స్కాల్‌హోల్ట్ లాంటి చోట చదువుకునే కుర్రాళ్ళదీ ఇదే ఆట. అంటే జనం ఒకచోట చేరే ప్రతి చోటా ఉంది. 19వ శతాబ్దంలో బతుకుతెరువు మారి, ఆ చేరడం తగ్గేసరికి ఆటా తగ్గింది. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ దండెత్తలేదు. కలుసుకోవడం పోయింది, అంతే.

కాబట్టి మొదట కావలసింది కలుసుకునే చోటు. 1888లో రేక్యవిక్‌లో ఆర్మన్ అనే గ్లీమా సంఘం పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. ఉత్తరాన 1906లో అకురేరి కుర్రాళ్ళు యువజన సంఘం పెట్టారు. డెన్మార్క్ పాలన కింద ఉన్న రోజులవి. మన భాష, మన జెండా, చెట్లు నాటడం, మందు ముట్టకపోవడం, వాటితో పాటు మన ఆట, అదీ ఆ సంఘం పిలుపు. అదే ఏడాది అకురేరిలో ఒక వెండి పనితనం ఉన్న బెల్టు పందెంగా పెట్టి పోటీ జరిపారు. పాత కథల్లో గ్రెట్టిర్ అనే మహా బలశాలి ఉన్నాడు, ఆయన పేరు పెట్టారు దానికి. గ్రెట్టిర్ బెల్టు గెలిచినవాడిని గ్లీమా రాజు అంటారు. అప్పటి నుంచీ అదే పోటీ, అదే పేరు.

ఆ అకురేరి సంఘం పెట్టినవాళ్ళలో యోహానెస్ యోసెఫ్సన్ అని ఒకాయన ఉన్నాడు. 1883లో పుట్టినవాడు. బలం ఉంది, నోరూ ఉంది. 1907లో డెన్మార్క్ రాజు ఎనిమిదో ఫ్రెడెరిక్ ఐస్‌లాండ్ చూడటానికి వచ్చాడు. క్రీస్తు శకం 930 నుంచి వాళ్ళ పాత సభ కూడిన థింగ్‌వెల్లిర్ మైదానంలో రాజుగారి ముందు గ్లీమా పోటీ పెట్టారు. యోహానెస్ ముందే పంతం పట్టి చెప్పుకున్నాడు, అక్కడ నన్నెవడూ పడగొట్టలేడని. పడగొట్టారు. గెలిచింది హాల్‌గ్రిముర్ బెనెడిక్ట్సన్. ఈయన తర్వాత పెద్ద వ్యాపారి అయ్యాడు, ఈయన కొడుకు 1974లో దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. చిన్న దేశంలో ఇదొక సరదా. గోదాలో ఎవణ్ణి కదిలించినా ఏ ప్రధానమంత్రికో చుట్టమై ఉంటాడు. (నవ్వులు)

నవ్వులాట కాదు, ఆ ఓటమి ఆటకు ఎంతో మేలు చేసిందని నాకైతే గట్టి నమ్మకం ఉంది. ఉత్తరం వాళ్ళు గెలుస్తారని అందరూ అనుకున్న చోట రాజధాని వాళ్ళు గెలిచారు. తర్వాతి ఏడాది చూసుకుందాం అనే కసి పుట్టింది. పోటీకి కావలసింది ఛాంపియన్ కాదు, ఓడినవాడు మళ్ళీ రావడం.

1908లో యోహానెస్ తన జట్టుతో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళి గ్లీమా ప్రదర్శించాడు. అక్కడే నడుం పైన మాత్రమే పట్టే గ్రీకో రోమన్ కుస్తీలోనూ దిగి, చెయ్యి దెబ్బతినడంతో నాలుగో స్థానంతో ఆగిపోయాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఐరోపాలో, అమెరికాలో సర్కస్‌లలో తిరిగాడు. గ్లీమాను ఆత్మరక్షణ విద్యగా చూపించేవాడు. కత్తి పట్టుకుని ఒకడు వస్తాడు, ముగ్గురు ఒకేసారి మీద పడతారు, అందరినీ విసిరేస్తాడు. ఇంచుమించు అదే కాలంలో ఇక్కడ మన కోడి రామ్మూర్తి నాయుడుగారు సర్కస్ పెట్టి గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. అప్పట్లో ఒక బలశాలి ప్రపంచానికి కనబడాలంటే సర్కస్ డేరాయే దారి. యోహానెస్ డబ్బు సంపాదించి తిరిగొచ్చి, రేక్యవిక్ నడిబొడ్డున హోటల్ బోర్గ్ కట్టించాడు. 1930లో తెరిచారు, ఇప్పటికీ ఉంది. గ్లీమా పేరు మీద వచ్చిన డబ్బు హోటలైంది, గోదా కాలేదు. తప్పు పట్టడం లేదు, ఆయన కష్టార్జితం. కానీ విదేశాల్లో చప్పట్లు పడితే ఇంట్లో ఆట పెరుగుతుందని మనం అనుకుంటుంటాం చూడండి, అది వేరు, ఇది వేరు.

ఇంకో విషయం దాటేయకూడదు. ఐస్‌లాండ్‌లో ఒకటే కుస్తీ ఉండేది కాదు. వీపు చుట్టూ చేతులు వేసి పట్టే కుస్తీ ఉంది. ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకునే విడి పట్ల కుస్తీ ఉంది. ప్యాంటు పట్టే కుస్తీ ఉంది. దేశానికంతా ఒకటే నియమావళి అనుకున్నప్పుడు మూడోదాన్ని పట్టుకుని మిగతా రెండింటినీ పక్కన పెట్టారు. ఒక ఆటను జాతీయం చేస్తే కోత తప్పదు. అందులో కొన్ని మంచి పట్లు పోతాయి, కొందరు పెద్దవాళ్ళకు కోపం వస్తుంది. మన దగ్గర కర్రసాము గురువులు నలుగురిని కూర్చోబెట్టి ఒకే నియమావళి రాయమనండి, తెలుస్తుంది. వాళ్ళకు 78 వేల మందే ఉన్నారు కాబట్టి మూడు ఆటలను మోసే శక్తి లేదు. ఒకదాన్ని ఎంచుకున్నారు. నేను వాళ్ళ చోట ఉన్నా అదే చేసేవాణ్ణి, బాధపడుతూనే.

బరువు తరగతుల సంగతీ అంతే. గ్రెట్టిర్ బెల్టుకు బరువు తరగతులు లేవు. 70 కిలోలవాడు 110 కిలోలవాడితో పట్టాలి. అన్యాయం అనిపిస్తుంది. కానీ ఉన్న పాతికమందిని ఏడు తరగతులుగా విడగొడితే ఒక్కో తరగతిలో ముగ్గురు మిగులుతారు. వాళ్ళు ప్రతి ఏడాదీ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చోవాలి. అందుకే పెద్ద పోటీని అందరికీ తెరిచి ఉంచి, బరువుల వారీ పోటీని విడిగా పెట్టుకున్నారు. ఓడినా అందంగా, ఒడుపుగా ఆడినవాళ్ళకు వేరే బహుమతి కూడా ఉంది. అది చిన్నవాళ్ళను ఆటలో నిలబెడుతుంది.

బరువులతో తీరని ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఆర్మన్ లారుస్సన్ అని ఒక మహానుభావుడు 1950లు, 60లలో గ్రెట్టిర్ బెల్టు 15 సార్లు గెలిచాడు. గొప్పే. కానీ ఆ కాలంలో కొత్తగా గోదాలోకి వచ్చిన కుర్రాడి వైపు నుంచి ఆలోచించండి. బడిలో మొదలుపెట్టినప్పుడు ఆయనే రాజు, పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఆయనే రాజు. పెద్ద దేశంలో ఇలాంటివాణ్ణి ఆపడానికి ఎక్కడో ఒక మూల నుంచి ఎవడో వస్తాడు. చిన్న దేశంలో రావడానికి మూలలు కూడా తక్కువే.

ఇక ప్రభుత్వం. 1912లో అన్ని ఆటలకూ కలిపి జాతీయ క్రీడా సమాఖ్య వచ్చింది. గ్లీమాకు విడిగా సమాఖ్య వచ్చింది చాలా ఆలస్యంగా, 1965లో. మధ్యలో 1940లో క్రీడల చట్టం చేశారు. మరుసటి ఏడాది థోర్‌స్టైన్ ఐనార్సన్‌ను ప్రభుత్వ క్రీడాధికారిగా వేశారు. ఆయన 1981 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. 40 ఏళ్ళు! మన దగ్గర 4 నెలలుంటే గొప్ప. పైగా ఆయనకు గ్లీమా అంటే ప్రాణం, దాని చరిత్రంతా పోగుచేసినవాడు. అలాంటి అధికారి ఉండి కూడా ఏం జరిగిందో చూడండి. ఈత ప్రతి పిల్లకూ, పిల్లాడికీ తప్పనిసరి అయింది. సముద్రం మీద బతికే దేశం, మునిగిపోయే భయం అందరికీ తెలుసు. ఇవాళ ఐస్‌లాండ్‌లో దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఈతకొలను ఉంది. గ్లీమాకు ఆ బలం దక్కలేదు. ఆట తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్న బడిలో గ్లీమా ఉంటుంది, ఆయన బదిలీ అయితే బెల్టులు బీరువాలోకి వెళ్తాయి. ఇది వాళ్ళ సంగతే చెబుతున్నాను, మీరు ఎవరి వైపూ చూడనక్కరలేదు. (నవ్వులు)

డబ్బు ఎక్కడిది అని అడుగుతారు. 1986లో అక్కడ లాటరీ సంస్థ పెట్టారు. యజమానులు ఎవరనుకున్నారు? క్రీడా సమాఖ్య, యువజన సంఘాల సమాఖ్య, వికలాంగుల సంస్థల సమాఖ్య. టికెట్ల లాభం వాటికే. క్రికెట్ లాంటి బంగారు బాతు లేని దేశంలో చిన్న ఆటలకు ఇదొక ఆసరా. 2007 నుంచి రేక్యవిక్ నగరం పిల్లల ఆటపాటల ఫీజుకు ఏటా కొంత సొమ్ము ఇస్తోంది. ఏ ఆటకు కట్టాలో ఇంట్లోవాళ్ళే తేల్చుకోవచ్చు. ఇక్కడే మెలిక. ఇంట్లోవాళ్ళు తేల్చుకోమంటే ఫుట్‌బాల్ అంటారు, హ్యాండ్‌బాల్ అంటారు.

లేదా జూడో అంటారు. గ్లీమాకు గట్టి దెబ్బ అక్కడ తగిలింది. జూడో సమాఖ్య అక్కడ 1973లో మొదలైంది. 11 ఏళ్ళకే, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో బ్యార్ని ఫ్రిద్రిక్సన్ 95 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చాడు. ఐస్‌లాండ్‌కు ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా వచ్చినవి మొత్తం నాలుగు పతకాలు. అందులో ఇదొకటి. అతను ఏ క్లబ్‌వాడో తెలుసా? ఆర్మన్. గ్లీమా కోసం 1888లో పెట్టిన క్లబ్. నిటారుగా నిలబడి కాలితో పడేసే విద్య తరతరాలుగా ఉన్న చోట జూడో త్వరగా నాటుకుందంటే ఆశ్చర్యం లేదు. కానీ పదేళ్ళ పిల్లాడికి జూడో ఇచ్చేది వేరు. 1985 నుంచి ఐరోపాలో పది లక్షల కంటే తక్కువ జనం ఉన్న దేశాలకు విడిగా క్రీడలు జరుగుతున్నాయి, మాల్టా, లగ్జెంబర్గ్, సైప్రస్ అన్నీ వస్తాయి. అందులో జూడో ఉంది. విమానమెక్కొచ్చు, దేశం పేరున్న జాకెట్ వేసుకోవచ్చు. గ్లీమా రాజు ఎక్కడికి వెళ్తాడు? అది మన దేశానికే ప్రత్యేకం అని వందేళ్ళు చెప్పుకున్నారు కదా, అందుకే బయట ఆడేవాడు లేడు. మొదట ఊపిరి పోసిన మాటే తర్వాత గోడైంది.

గ్లీమావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు, రెండు పనులు చేశారు. ఒకటి, జోడీల కోసం బయట వెతికారు. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతానికి గూరెన్ అనే కుస్తీ ఉంది, స్కాట్లాండ్‌లో వీపు చుట్టూ చేతులు వేసి పట్టే కుస్తీ ఉంది. అవీ మనలాంటి చిన్న ఆటలే అని, 1985లో ఏర్పడిన కెల్టిక్ కుస్తీల సమాఖ్యలో చేరారు. ఇప్పుడు గ్లీమా పట్టేవాళ్ళు ఐరోపా పోటీలకు వెళ్ళి గూరెన్‌లో, స్కాటిష్ పద్ధతిలో కూడా దిగుతారు. నాకు ముచ్చటేసేదేమంటే, వందేళ్ళ క్రితం నియమావళి రాసేటప్పుడు పక్కన పెట్టిన వీపు పట్టు ఇలా దొడ్డిదారిన ఇంటికి తిరిగొచ్చింది.

రెండోది ఆడపిల్లలు. 2000 సంవత్సరం నుంచి ఆడవాళ్ళకు జాతీయ పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకు వాళ్ళ పాత పురాణాల్లోని ఫ్రేయా దేవత పేరున్న కంఠహారం, గ్లీమా రాణి బిరుదు. మంచిదే. కానీ 1906 నుంచి 2000 దాకా లెక్క వెయ్యండి. జోడీలు దొరకట్లేదు, మనుషులు చాలట్లేదు అని మొత్తుకుంటున్న దేశం, సగం మందిని 94 ఏళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి చూడమంది. నా మటుకు నాకు ఆ కథలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. జూడో వల్ల పోయిన పిల్లల కంటే దీనివల్ల పోయినవాళ్ళే ఎక్కువ.

ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, ఇప్పటి పిల్లలు ఎంఎంఏ, అంటే గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ కలిపిన పోరాటాల వీడియోలు చూస్తున్నారు. అక్కడ దాని ప్రభావం లేదా?)

ఎందుకు లేదండీ. బాక్సింగ్‌ను 1956లో ఐస్‌లాండ్ పూర్తిగా నిషేధించింది. అమెచ్యూర్ బాక్సింగ్‌కు 2002లో గానీ అనుమతి రాలేదు, ప్రొఫెషనల్ బాక్సింగ్ మీద నిషేధం అలాగే ఉంది. అలాంటి దేశంలో 2005లో రేక్యవిక్‌లో మ్యోల్నిర్ అనే ఎంఎంఏ క్లబ్ పెట్టారు. అక్కడి నుంచి వచ్చిన గునార్ నెల్సన్ 2012లో ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద అమెరికా సంస్థ యూఎఫ్‌సీలో దిగాడు. అతను పుట్టింది కూడా అకురేరిలోనే. చిన్నప్పుడు నేర్చింది గ్లీమా కాదు, కరాటే. పోటీలన్నీ లండన్, డబ్లిన్, లాస్ వెగాస్ లాంటి చోట్ల. మీరు వీడియోలు చూసే పిల్లల్ని తిట్టకండి, వాళ్ళకు పట్టు మీద ఆసక్తి ఉంది. టీ అయ్యాక ఈ బెల్టులు ఇక్కడే ఉంటాయి, వాళ్ళకు నేర్పేముందు మీరు ఒకసారి కట్టుకుని చూడండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం వద్దు.